హాన్ కాలపు చైనా జాడీకి సగం వరకే గ్లేజు ఎందుకు ఉంది? మిగతాది అరిగిపోయిందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. అమెరికాలోని ఒక మ్యూజియంలో మీరు హాన్ వంశకాలపు స్టోన్‌వేర్ జాడీని, అంటే ఎక్కువ వేడిలో కాల్చి గట్టిపరిచిన మట్టి జాడీని, చూశారు. దాని మూతి, భుజాలు ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసిన గాజుపూతతో, అంటే గ్లేజుతో మెరుస్తున్నాయి. పొట్ట మధ్య నుంచి కిందికి మాత్రం పూత లేక ఎర్రటి గరుకు మట్టి కనిపించింది. రెండు వేల ఏళ్లలో ఆ పూత రాలిపోయిందా, మొదటి నుంచీ అంతేనా, అంతేనైతే అది చెడిపోయిన పాత్ర కాదా అని అడిగారు. ఇలాంటి జాడీనే ఒక ఆన్‌లైన్ వేలంలో కొనాలని మీ మిత్రుడు ఆలోచిస్తున్నట్టు కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే, గ్లేజు అరిగిపోలేదు. ఆవంలో నుంచి బయటికి తీసిన రోజునే ఆ జాడీ కింది సగం అలా ఉంది. అది చెడిపోయిన పాత్ర కూడా కాదు. నేటి జెజియాంగ్, జియాంగ్‌సు ప్రాంతాల కుమ్మరులు హాన్ కాలంలో ఈ రకం జాడీలను తరతరాలుగా ఇదే పద్ధతిలో చేశారు. మట్టి, పింగాణీ వస్తువుల సంరక్షణలో చాలాకాలం పనిచేసినవాడిగా నా అభిప్రాయం ఒకటి ఇక్కడే చెబుతాను. గ్లేజు ఎక్కడ ఆగిందో చూపించే ఆ గీత ఆ జాడీ మీద ఉన్న అన్నిటికన్నా విలువైన సాక్ష్యం. దాన్ని చదవగలిగితే పాత్రను ఎలా చేశారో, ఆవంలో ఎలా కాల్చారో, తర్వాత ఎవరైనా చెయ్యి చేసుకున్నారో చాలావరకు అద్దం బయట నిలబడే చెప్పవచ్చు.

ముందు ఆ పూత ఏమిటో తెలియాలి. అది కట్టెల బూడిద. బూడిదలో ప్రధానంగా సున్నం ఉంటుంది, దానితోపాటు పొటాషియం, మెగ్నీషియం, భాస్వరం, కొద్దిగా ఇనుము, మాంగనీసు ఉంటాయి. పాత్ర మట్టిలో సిలికా, అల్యూమినా ఉంటాయి. సిలికా ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాటాలి, అంత వేడి ఆనాటి ఏ ఆవంలోనూ రాదు. అయితే సున్నం, అల్యూమినా, సిలికా తగిన పాళ్లలో కలిసినప్పుడు ఆ మిశ్రమం 1170 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అందువల్ల 1200 డిగ్రీలు దాటిన ఆవంలో, బూడిద పడిన చోట పాత్ర పైపొర ఆ బూడిదతో కలిసి కరిగి గాజుగా మారుతుంది. బూడిద పడని చోట మట్టి మట్టిగానే గట్టిపడుతుంది. మీరు చూసిన రెండు రంగుల జాడీకి మూలకారణం ఇదే.

దీన్ని నేను చిన్న పలకల మీద స్వయంగా కాల్చి చూశాను. సరుగుడు కట్టెల బూడిదను జల్లించి, తడి ఆరని మట్టి పలక మీద చల్లి, 1200 డిగ్రీలకు పైగా కాలిస్తే లేత ఆకుపచ్చ గాజు ఏర్పడుతుంది. పడుకోబెట్టిన పలక మీద అది నిలిచి ఉంటుంది, నిలబెట్టిన పలక మీద ధారలుగా కిందికి జారుతుంది. ఇదే పని వరి ఊక బూడిదతో చేస్తే పలక మీద తెల్లటి పొడి మిగులుతుంది తప్ప గాజు రాదు, ఎందుకంటే ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికానే, దాన్ని కరిగించే సున్నం చాలా తక్కువ. బూడిద అంటే అంతా ఒకటే అనుకునేవారికి ఈ రెండు పలకలు పక్కపక్కన పెట్టి చూపిస్తే విషయం వెంటనే అర్థమవుతుంది.

సున్నం ఎక్కువగా ఉన్న గ్లేజుకు ఒక స్వభావం ఉంది. అది కరిగేవరకు గట్టిగానే ఉండి, కరగగానే ఒక్కసారిగా పలచబడి పారుతుంది. పాత్ర అడుగు వరకు ఆ పూత ఉంటే కరిగిన గాజు ఆవం నేల మీదికి జారి, చల్లారాక పాత్రను నేలకు అతికించేస్తుంది. అప్పుడు పాత్రను విరగ్గొడితే గాని బయటికి తీయలేరు. కాబట్టి కింది భాగాన్ని పూత లేకుండా వదిలేయడం తెలిసి చేసిన పని, అనుభవంతో నేర్చుకున్న జాగ్రత్త. పైగా 1200 డిగ్రీల దగ్గర కాలిన ఈ మట్టి చాలావరకు గట్టిపడి, నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే పెద్ద జాడీ కూడా ఇదే జాతికి చెందిన స్టోన్‌వేర్. నెలల తరబడి ఉప్పు, నూనె, కారం నిలవ ఉన్నా దాని నుంచి బయటికి ఊరకపోవడానికి పైపూత ఎంత కారణమో, లోపలి మట్టి గట్టిదనమూ అంతే కారణం. హాన్ జాడీకి పొట్ట కింద పూత లేకపోయినా పెద్ద లోటు రాకపోవడానికీ ఇదే కారణం.

కింది సగం ఎరుపుగా ఉండటం గురించి. ఆ ఎరుపు పైపొర వరకే. అంచు విరిగిన జాడీని చూసినప్పుడు లోపలి మట్టి బూడిదరంగులో కనిపిస్తుంది. ఆవంలో గాలి తక్కువై పొగ ఎక్కువైనప్పుడు మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌ను కోల్పోయి బూడిదరంగునిస్తుంది, అదే స్థితిలో గ్లేజుకు ఆకుపచ్చ రంగు వస్తుంది. కాల్చడం ముగిసి ఆవం చల్లారుతూ లోపలికి గాలి చొరబడినప్పుడు, పూత లేని చోట పైపొరలోని ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది. గాజుపూత ఉన్న చోట ఆ గాలి మట్టిని తాకలేదు. మంట మొదటి నుంచి చివరి వరకు సమంగా ఉండదు కాబట్టి, ఒకే జాడీ మీద ఒకవైపు ఆకుపచ్చ, మరోవైపు పసుపు కలిసిన గోధుమ రంగు రావడం మామూలే. మీరు రెండు రంగులు చూశానన్నది ఇందువల్లే.

ఆ బూడిద తనంతట తాను ఎగిరివచ్చి పడిందా, కుమ్మరి చల్లాడా అన్నది మ్యూజియంలలో ఇంకా చర్చ జరిగే విషయం. దక్షిణ చైనాలో కొండవాలు మీద పొడవాటి సొరంగంలా కట్టిన ఆవాలు వాడేవారు, వాటిని డ్రాగన్ ఆవాలు అంటారు. జెజియాంగ్‌లోని షాంగ్‌యూలో, హాన్‌కు చాలా ముందటి షాంగ్ వంశకాలపు డ్రాగన్ ఆవాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. కింది కొసన మంట పెడితే వాలు వెంట వేడిగాలి, దానితో బూడిద పైకి దూసుకుపోతాయి. అలా ఎగిరిన బూడిద పాత్రల భుజాల మీద పడి కరగడం సహజమే. అయితే అలా పడిన బూడిద మంట వచ్చే వైపు మందంగా, అవతలి వైపు పలచగా ఉండాలి. హాన్ కాలపు మంచి జాడీల్లో చాలావాటికి భుజం చుట్టూ గ్లేజు దాదాపు ఒకే మందంలో ఉంటుంది. అందువల్ల పాత్ర ఇంకా తడిగా ఉన్నప్పుడే పైనుంచి బూడిదను జల్లించి చల్లేవారని చాలామంది పరిశోధకులు భావిస్తారు, నా చేతుల మీదుగా వెళ్లిన పాత్రలు చూశాక నేనూ అదే పక్షం. నిలువుగా ఉండే మెడ మీద పూత లేక, పైకి తెరుచుకున్న మూతి లోపలి అంచున, వాలుగా ఉన్న భుజాన మాత్రమే పూత ఉండటం కూడా పైనుంచి పడిన పొడినే సూచిస్తుంది.

మీరు మళ్లీ ఆ మ్యూజియానికి వెళ్లినప్పుడు మూడు చోట్ల చూడమని చెబుతాను. మొదటిది చెవుల కింది భాగం. ఈ జాడీలకు భుజాన రెండు చెవులు ఉంటాయి. పైనుంచి పడిన బూడిదకు చెవి అడ్డుపడుతుంది కాబట్టి దాని కింద చిన్న నీడలాగా పూత లేని మచ్చ మిగులుతుంది. ద్రవంగా కలిపిన గ్లేజులో ముంచి తీసిన పాత్రకు ఈ మచ్చ రాదు. రెండోది గీత అంచు. కరిగి జారిన గ్లేజు ఆగిన చోట కాస్త మందంగా, గుండ్రటి పెదవిలా ఉంటుంది, అక్కడక్కడ చుక్కలు కిందికి దిగి ఉంటాయి, మందం పెరిగిన కొద్దీ రంగు ముదురుతుంది. మూడోది లోపలి అడుగు. మూతి గుండా నేరుగా లోపలికి పడిన బూడిద అడుగున గుండ్రటి గాజు మడుగులా కరిగి ఉంటుంది, చుట్టూ లోపలి గోడలు మాత్రం పూత లేకుండా ఉంటాయి. ప్రదర్శనలో లోపలికి తొంగి చూడటం కష్టమే, అయినా ఎత్తు తక్కువ పీఠం మీద పెట్టిన జాడీల్లో కొన్నిసార్లు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మినహాయింపు తప్పకుండా చెప్పాలి. ఈ జాడీల మీద గ్లేజు రాలిపోవడం కూడా నిజంగానే జరుగుతుంది, ఆ రాలిన చోటును సహజమైన గీతతో కలిపి చూడకూడదు. వేడికి, చల్లదనానికి మట్టి ఒక లెక్కన, గాజు మరో లెక్కన సాగి ముడుచుకుంటాయి. ఆ తేడా ఎక్కువైతే గ్లేజులో సన్నటి పగుళ్లు వస్తాయి. వేడి సరిగా అందని ఆవంలో కాలిన పాత్రలకు గ్లేజు, మట్టి గట్టిగా అతుక్కోవు. ఆపైన సమాధిలోని తేమ శతాబ్దాల పాటు ఆ పగుళ్లలోకి చేరుతుంది. ఆమ్లగుణం ఉన్న నేలలో గాజులోని సున్నం కరిగిపోయి పూత మెరుపు తగ్గి సుద్దలా మారుతుంది, చివరికి పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన చోట అంచు పదునుగా, మెలికలు తిరిగి ఉంటుంది, కింద కనిపించే మట్టి లేత రంగులో ఉంటుంది. ఎర్రబడిన పైపొర అక్కడ ఉండదు, ఎందుకంటే కాలేటప్పుడు ఆ చోటును గాజు కప్పి ఉంచింది. భుజం మీద గ్లేజు మధ్యలో ఇలాంటి లేతరంగు మచ్చలు కనిపిస్తే అవి రాలినవి. పొట్ట చుట్టూ మందపాటి పెదవితో ఆగి, కింద ఎర్రటి మట్టితో ఉంటే అది పుట్టుకతో వచ్చిన గీత. మీ వర్ణన రెండోదానికి సరిపోతోంది.

మరో గందరగోళాన్ని కూడా తొలగించాలి. మ్యూజియంలో ఇదే గదిలో హాన్ కాలపు ముదురు ఆకుపచ్చ జాడీలు కూడా పెడుతుంటారు, అవి వేరే జాతి. ఉత్తర చైనాలో, ముఖ్యంగా షాన్‌షీ, హెనాన్ ప్రాంతాల్లో, సమాధుల్లో పెట్టడానికి సీసం కలిపిన గ్లేజుతో చేసిన మట్టి పాత్రలవి. వాటి ఆకుపచ్చ రంగు రాగి వల్ల వస్తుంది, మట్టి మెత్తగా, ఎర్రగా ఉంటుంది, కాల్చిన వేడి స్టోన్‌వేర్‌కు కావలసినదానికన్నా చాలా తక్కువ. భూమిలో ఉండి ఉండి వాటి మీద వెండిలా మెరిసే పొర ఏర్పడుతుంది. ఉత్తరాన దొరికే పసుపు మట్టి 1200 డిగ్రీల వేడిని తట్టుకోదు, అందుకే అక్కడి కుమ్మరులు తక్కువ వేడిలో కరిగే సీసాన్ని ఆశ్రయించారు. దక్షిణాన కొండల్లో వేడికి నిలిచే సిలికా మట్టి, కావలసినన్ని కట్టెలు ఉన్నాయి. ఒకే కాలంలో, ఒకే రాజ్యంలో రెండు దారులు ఏర్పడటానికి భూమి స్వభావమే ప్రధాన కారణం.

ఆ దక్షిణపు దారి హాన్‌తో మొదలైంది కాదు. ఇలాంటి బూడిద గ్లేజు, గట్టి మట్టి ఉన్న పాత్రలు షాంగ్ వంశకాలం నుంచే, అంటే మూడు వేల ఏళ్లకు పైగా వెనక నుంచే ఉన్నాయి. జియాంగ్‌సులోని వూషీ దగ్గర హాంగ్‌షాన్‌లో, హాన్‌కు ముందటి యుద్ధరాజ్యాల కాలానికి చెందిన యువే రాజ్యపు సమాధుల్లో కంచు గంటలను అనుకరిస్తూ ఇదే పదార్థంతో చేసిన గంటలు దొరికాయి. మీరు చూసిన జాడీ ఆకారం కూడా కంచు పాత్రను అనుసరించినదే. భుజం మీద చెక్కిన గీతలు, దువ్వెన లాంటి పనిముట్టుతో గీసిన అలలు, కొన్నింటిపై పక్షుల బొమ్మలు ఉండటం ఆ వారసత్వంలో భాగం. సమాధిలో ఖరీదైన కంచుకు బదులుగా ధాన్యంతోనో మద్యంతోనో నింపి వీటిని పెట్టేవారు. భూమిలో ఇంత భద్రంగా మిగిలి ఉండటానికి సమాధే కారణం.

తూర్పు హాన్ కాలం చివరికి, అంటే క్రీ.శ. రెండో శతాబ్దానికి, పద్ధతి మారింది. బూడిద, మట్టి కలిపి ద్రవంగా చేసి పాత్రకు పూయడం స్థిరపడింది. షాంగ్‌యూలోని షియావోషియాన్‌తాన్ ఆవాల దగ్గర దొరికిన పెంకులు సుమారు 1300 డిగ్రీల దగ్గర కాలినవని పరీక్షల్లో తేలింది. చైనా పరిశోధకులు వాటిని తొలి పరిణత సెలడాన్‌గా (ఆకుపచ్చ గ్లేజు పాత్రలుగా), పింగాణీగా లెక్కిస్తారు. పాశ్చాత్య మ్యూజియంలు పింగాణీ తెల్లగా ఉండి వెలుతురును కొంత లోనుంచి పోనివ్వాలని కోరతాయి కాబట్టి వాటిని స్టోన్‌వేర్ కిందే ఉంచుతాయి. చీటీలు చదివేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోండి, ఒకే వస్తువు రెండు దేశాల్లో రెండు వర్గాల్లో కనిపించవచ్చు.

ఈ మార్పు తర్వాత ఏ స్థాయికి చేరిందో చూడాలంటే బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోని ఒక జాడీ ఫొటోలు వెతకండి. అది షావోషింగ్‌లోని ఒక సమాధిలో దొరికింది, మూడు రాజ్యాల కాలపు వూ రాజ్యానికి చెందినది. దాని పై సగమంతా అంతస్తుల భవనాలు, పక్షుల గుంపులు, వాద్యాలు వాయించే మనుషులతో నిండి ఉంటుంది. ఒక తాబేలు వీపు మీద చిన్న శిలాఫలకం ఉంది, దాని మీద యోంగ్‌ఆన్ మూడో సంవత్సరం, అంటే క్రీ.శ. 260 అని, ఉన్నత పదవులు, అనేక సంతానం, దీర్ఘాయువు కలగాలని రాసి ఉంది. తేదీ రాసి ఉన్న పాత్ర కావడం వల్ల, తేదీ లేని ఎన్నో పాత్రల కాలాన్ని దానితో పోల్చి నిర్ణయిస్తారు. ఒక్క వస్తువును మాత్రమే చూసే అవకాశం వస్తే నేను దాన్నే ఎంచుకుంటాను.

తెలుగువాళ్లం కాబట్టి ఒక మాట. ఇవి చేసిన కాలంలో ఇలాంటి పాత్రలు మన తీరానికి వచ్చాయని చెప్పలేను. చాలా శతాబ్దాల తర్వాత, సముద్ర వ్యాపారం పెరిగినప్పుడు, వీటి వారసులైన సెలడాన్ పాత్రలు వచ్చాయి. గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లిలో చైనా సెలడాన్ పెంకులు తవ్వకాల్లో దొరికాయి.

ఇక మీ మిత్రుడి విషయం. ఈ రకం జాడీలకు నకళ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువభాగం ఆ గీత దగ్గరే దొరికిపోతాయి. ఒకసారి ఒక సేకరణకర్త తన జాడీని పరిశీలించమని తెచ్చారు. ఆకారం చక్కగా ఉంది, చెవుల మీది నగిషీ కూడా సరిగ్గా ఉంది. కానీ గ్లేజు చెవుల కింద కూడా సమంగా పరుచుకుంది, నీడ మచ్చ లేదు, కింది సగం ఎరుపు తడి దూదికి కొద్దిగా అంటుకుంది. కాలడంలో వచ్చిన ఎరుపు దూదికి రాదు. అది తర్వాత పూసిన రంగు. మరో పాత్ర నిజంగా పాతదే, కానీ అతినీల కిరణాల దీపం కింద పెట్టగానే మూతి, మెడ వేరే రంగులో వెలిగాయి. విరిగిపోయిన పైభాగాన్ని ప్లాస్టరుతో కట్టి, పాత గ్లేజును పోలిన రంగు వేశారు. సగానికి పైగా కట్టిన పాత్రను పూర్తి పాత్ర ధరకు అమ్మడం ఈ రంగంలో కొత్త కాదు.

పరీక్షల మీద కూడా అతినమ్మకం వద్దు. థర్మోల్యూమినెసెన్స్ పరీక్ష ఆ మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో సుమారుగా చెబుతుంది, దానికి పాత్రను చిన్నగా తొలిచి పొడి తీయాలి. అడుగు భాగం మాత్రమే పాతదైతే, అక్కడి నుంచి తీసిన పొడి పాతదనే చెబుతుంది, పైభాగం గురించి ఏమీ చెప్పదు. పొడి ఎక్కడి నుంచి తీశారో రాసి లేని పరీక్షాపత్రాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఎక్స్-రే ఫ్లోరసెన్స్‌తో పాత్రకు హాని లేకుండా గ్లేజులో సున్నం ఎంతుందో, సీసం ఉందో లేదో చూడవచ్చు. బూడిద గ్లేజు అని అమ్ముతున్న పాత్రలో సీసం బయటపడితే ఇంకేమీ చూడనక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు కాగితాలు అడగమని చెప్పండి. అమెరికా, చైనా ప్రభుత్వాల ఒప్పందం మేరకు 2009 జనవరి నుంచి, పాతరాతి యుగం మొదలు టాంగ్ వంశం ముగిసిన 907 వరకు చెందిన చైనా పురావస్తువుల దిగుమతిపై అమెరికాలో ఆంక్షలు ఉన్నాయి, తర్వాత వాటిని పొడిగించారు కూడా. హాన్ జాడీ కచ్చితంగా ఆ పరిధిలోకి వస్తుంది. చైనా ప్రభుత్వ ఎగుమతి అనుమతి అయినా ఉండాలి, లేదా 2009కి ముందే ఆ వస్తువు చైనా దాటిందని చూపే ఆధారాలైనా ఉండాలి. ఈ జాడీలు దాదాపు అన్నీ సమాధుల నుంచి వచ్చినవే కాబట్టి, ఆధారాలు లేని జాడీ వెనక దోచుకున్న సమాధి ఉండే అవకాశం నిజంగా ఉంది. సమాధి దోపిడీలో పక్కనున్న వస్తువులు, ఎముకలు, పొరల క్రమం అన్నీ చెదిరిపోతాయి, వాటిని తిరిగి ఎవరూ కూర్చలేరు. “పాత యూరప్ సేకరణ నుంచి” అన్న ఒక్క వాక్యం ఆధారం కాదు. పాత వేలం పట్టిక, రసీదు, తేదీ ఉన్న ఫొటో లాంటివి ఆధారాలు. అవి లేకపోతే ఎంత చవకైనా కొనవద్దని నా సలహా.

మీరు చూసిన జాడీ గురించి ఇంకా తెలుసుకోవాలంటే చీటీ చివర ఉన్న నమోదు సంఖ్యను రాసుకుని మ్యూజియం వెబ్‌సైట్‌లో వెతకండి. అడుగుభాగం ఫొటో అక్కడ లేకపోతే ఆసియా విభాగానికి ఒక ఉత్తరం రాయండి, కారణం చెప్పి మర్యాదగా అడిగితే చాలా మ్యూజియంలు పంపుతాయి. ఆ ఫొటో వస్తే ఇక్కడ పెట్టండి, అడుగున మిగిలిన ఇసుక, మచ్చలు చూసి ఆవంలో దాన్ని దేని మీద నిలబెట్టారో చెప్పడానికి ప్రయత్నిస్తాను.